మొదటి చిప్‌కి కోడ్ ఎక్కించేదెవరు?

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో మైక్రోకంట్రోలర్ల ల్యాబ్ చాలాచోట్ల 8051తోనే మొదలవుతుంది. ప్రోగ్రామ్ రాసి కంపైల్ చేస్తే హెక్స్ ఫైల్ వస్తుంది. దాన్ని చిప్‌లోకి డంప్ చేయడానికి ల్యాబ్‌లో ఒక కిట్ ఉంటుంది. చిప్‌ని సాకెట్‌లో పెట్టి, లీవర్ దించి, కంప్యూటర్‌లో బటన్ నొక్కితే పని అయిపోతుంది. అదే విద్యార్థి హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లి 8051 రకానికే చెందిన ఒక ఏటీ89ఎస్52 కొనుక్కుని ఇంటికొస్తే అసలు చిక్కు అప్పుడు మొదలవుతుంది. చిప్ ఉంది, కోడ్ ఉంది, రెంటినీ కలిపే వస్తువు లేదు. మంచి ప్రోగ్రామర్ కొనాలంటే చిప్ ధరకు ఎన్నో రెట్లు పెట్టాలి.

ఈ ఇబ్బంది మన ఒక్కరిదే కాదు. సరదాగా ఎలక్ట్రానిక్స్ చేసుకునేవాళ్లు ముప్పై ఏళ్లకు పైగా నాలుగు రెసిస్టర్లతోనో, రెండు జెనర్ డయోడ్లతోనో సొంత ప్రోగ్రామర్లు కట్టుకుంటూనే ఉన్నారు. వాటిలో చాలావాటికి ఇవాళ పనిలేదు. కొన్ని పనిచేస్తాయి గానీ కట్టుకోవడం దండగ. ఒకటి రెండు మాత్రం కొన్నవాటికన్నా మేలు. ఏది ఏ కోవలోకి వస్తుందో తేల్చాలంటే ముందు ఈ పరికరం చేసే పనేమిటో చూడాలి.

ఆ పని నిజానికి చాలా చిన్నది. అట్మెల్ కంపెనీ ఏవీఆర్ కుటుంబానికి చెందిన చిప్‌నే తీసుకుందాం. దాని రీసెట్ పిన్‌ని గ్రౌండ్‌కి కలిపి పట్టుకోవాలి. ఒక తీగ మీద క్లాక్ వెళ్తుంది, ఒకదాని మీద డేటా లోపలికి పోతుంది, ఇంకోదాని మీద బయటికొస్తుంది. ఒక్కో ఆదేశం నాలుగు బైట్లు. మొట్టమొదటి ఆదేశంలో హెక్స్‌లో ఏసీ, 53, ఆ వెనక రెండు ఖాళీ బైట్లు ఉంటాయి. చిప్ విన్నదంటే మూడో బైటు వెళ్తుండగానే ఆ 53ని తిప్పి పంపుతుంది. తర్వాత దాని సంతకం అడగాలి. 1ఈ, 95, 0ఎఫ్ అని వస్తే అది ఏటీమెగా328పీ. 1ఈ, 93, 07 వస్తే ఏటీమెగా8. ఆపైన పాతది చెరపడం, కొత్తది రాయడం, రాసిందాన్ని చదివి సరిచూడడం. ఏటీ89ఎస్52ని కూడా అట్మెల్ కంపెనీయే చేసింది కనుక దాని పద్ధతీ దాదాపు ఇదే. కాకపోతే రీసెట్‌ని గ్రౌండ్‌కి కాకుండా 5 వోల్ట్లకు కలిపి పట్టుకోవాలి. జవాబు 53గా కాక నాలుగో బైటులో 69గా వస్తుంది. అంతే తేడా. క్లాక్ ఎంత నెమ్మదిగా నడిచినా చిప్‌కి అభ్యంతరం లేదు. అంటే నాలుగు పిన్నులను వరస తప్పకుండా ఆడించగలిగిన ఏ వస్తువైనా ప్రోగ్రామరే.

ఈ పని మొదటినుంచీ ఇంత సులువుగా లేదు. 1970ల చివర్లో ఈప్రోమ్ చిప్‌లో కోడ్ రాయడమంటే పెద్ద పని. ఇంటెల్ 2716కి రాసేటప్పుడు 25 వోల్ట్లు ఇవ్వాలి, బైటుకి 50 మిల్లీసెకన్ల పల్స్ కొట్టాలి. మొత్తం 2048 బైట్లకు వంద సెకన్ల పైమాటే. తప్పు దొర్లితే పైనున్న గాజు కిటికీలోంచి అతినీలలోహిత కాంతి పట్టి పదిహేను ఇరవై నిమిషాలు ఆగాలి. 8051కి ఈప్రోమ్ రూపమైన 8751కి 21 వోల్ట్లు కావాలి. అడ్రస్ తీగలు, డేటా తీగలు, కంట్రోల్ తీగలు కలిపితే చిప్ పిన్నుల్లో సగానికి పైగా వైర్లు లాగాల్సి వచ్చేది. ఇంట్లో కట్టినవాళ్లు లేకపోలేదు. కానీ అది ఒక ఆదివారం కూర్చుంటే తెమిలే పని కాదు.

1993లో మైక్రోచిప్ కంపెనీ పిక్16సీ84 తెచ్చింది. కోడ్ ఉండే చోటు ఈఈప్రోమ్ కనుక కరెంటుతోనే చెరిపేయవచ్చు, కిటికీ అక్కర్లేదు. కోడ్ రాయడానికి రెండు తీగలు చాలు, క్లాక్ ఒకటి, డేటా ఒకటి. వాటికి తోడు రీసెట్ పిన్ మీద 12 నుంచి 14 వోల్ట్లు. లోపల వెయ్యి పైచిలుకు పదాల చోటు మాత్రమే ఉన్న ఈ బుల్లి చిప్, దాని తర్వాత వచ్చిన 16ఎఫ్84, ఇంటి ప్రోగ్రామర్లకు అసలైన ప్రారంభం. ప్రింటర్ పోర్టుకి ఒక బఫర్ ఐసీ, రెండు ట్రాన్సిస్టర్లు తగిలించి చేసినవి మొదట వచ్చాయి. వాటికి బయటినుంచి 13 వోల్ట్ల సప్లై కావాలి.

ఆ సప్లై కూడా వద్దనుకున్న డిజైన్ జేడీఎమ్. నాకు ఇప్పటికీ ముచ్చటగా అనిపించే సర్క్యూట్ ఇది. సీరియల్ పోర్టులో 5 వోల్ట్లు దొరకవు. పాత డెస్క్‌టాప్‌లలో ప్లస్ 12, మైనస్ 12 దరిదాపుల్లో ఊగే సిగ్నళ్లు దొరుకుతాయి. చిప్‌కేమో గ్రౌండ్ నుంచి 13 కావాలి. అందుకని కంప్యూటర్ గ్రౌండ్‌ని తీసుకెళ్లి చిప్‌లో 5 వోల్ట్ల పిన్‌కి కలిపేశారు. దాంతో చిప్ గ్రౌండ్ మైనస్ 5 దగ్గర ఉంటుంది. ఇక రీసెట్ పిన్‌కి పైన ప్లస్ 8 దొరికితే చాలు, రెండూ కలిసి 13 అవుతాయి. 5.1 వోల్ట్ల జెనర్ ఒకటి, 8.2 వోల్ట్ల జెనర్ ఒకటి, ఇంకొన్ని ట్రాన్సిస్టర్లు, డయోడ్లు, కెపాసిటర్లు. అడాప్టర్ లేదు, ప్రింటర్ కేబుల్ లేదు.

అయితే ఈ తెలివంతా ఎదుటి కంప్యూటర్ ఉదారత మీద ఆధారపడి ఉంది. లాప్‌టాప్‌లలో సీరియల్ పోర్టు వోల్టేజీ చిన్న ఛార్జ్ పంపు ఐసీ నుంచి వస్తుంది. అది 12 ఇవ్వదు, ఇచ్చిన కొద్దిపాటి వోల్టేజీ కూడా కరెంటు లాగితే కూలబడుతుంది. ఒక కంప్యూటర్‌లో చక్కగా నడిచిన జేడీఎమ్ పక్క కంప్యూటర్‌లో మొరాయించడానికి కారణం ఇదే. సర్క్యూట్ తప్పని చాలామంది అనవసరంగా విప్పి మళ్లీ సోల్డర్ చేశారు.

ఏవీఆర్‌లో, ఏటీ89ఎస్ చిప్‌లలో పెద్ద వోల్టేజీ గొడవ లేదు. ఫ్లాష్‌కి కావలసిన వోల్టేజీని ఆ చిప్‌లు 5 వోల్ట్ల నుంచి లోపలే తయారు చేసుకుంటాయి. దాంతో ప్రోగ్రామర్ మరీ చిక్కిపోయింది. 25 పిన్నుల ప్రింటర్ కనెక్టర్, అయిదు తీగలు, కొన్ని వందల ఓముల రెసిస్టర్లు రెండు మూడు, అంతే. డాపా కేబుల్ అంటే ఇదే. కొంచెం జాగ్రత్తపరులు మధ్యలో 74హెచ్‌సీ244 బఫర్ పెట్టుకుని ఎస్‌టీకే200 రకం చేసుకున్నారు. ఇటలీకి చెందిన క్లాడియో లాంకొనెల్లి రాసిన పోనీప్రోగ్, బ్రయాన్ డీన్ మొదలుపెట్టిన ఏవీఆర్‌డ్యూడ్ ఈ కేబుళ్లకు సాఫ్ట్‌వేర్ అందించాయి. ఏవీఆర్‌డ్యూడ్‌లో ఒక మంచి లక్షణం ఉంది. పోర్టులో ఏ పిన్ రీసెట్‌కి, ఏది క్లాక్‌కి అన్నది దాని కాన్ఫిగరేషన్ ఫైల్‌లో మనమే రాసుకోవచ్చు. తీగలు మన ఇష్టం వచ్చినట్టు కలిపేసుకుని, కలిపినట్టు ఫైల్‌లో రాసుకుంటే చాలు. ఇంట్లో కట్టుకునేవాడిని దృష్టిలో పెట్టుకుని రాసిన సాఫ్ట్‌వేర్‌కి ఇంతకన్నా గుర్తు అక్కర్లేదు.

ఈ తరాన్ని చిప్‌లు చంపలేదు, కంప్యూటర్లు చంపాయి. ఇళ్లలో వాడే విండోస్‌లలో 98 వరకు ఏ ప్రోగ్రామైనా పోర్టుని నేరుగా ముట్టుకోవచ్చు. ఎక్స్‌పీ నుంచి ఆ దారి మూసుకుపోయి, గివ్‌ఐవో లాంటి డ్రైవర్లతో దొడ్డిదారి పట్టాల్సి వచ్చింది. 64 బిట్ల విండోస్ సంతకం లేని డ్రైవర్లని రానివ్వకపోయేసరికి అదీ పోయింది. ఈలోగా పోర్టులే మాయమయ్యాయి.

పోర్టు లేకపోతేనేం, యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే కేబుల్ ఉంది కదా అని చాలామంది ప్రయత్నించారు, నిరాశపడ్డారు. ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. ఈ ప్రోగ్రామర్లు సీరియల్ పోర్టులో డేటా పంపవు, దాని కంట్రోల్ పిన్నులను ఒక్కొక్కసారీ పైకీ కిందికీ ఆడిస్తాయి. మామూలు యూఎస్‌బీలో ఫ్రేమ్ ఒక మిల్లీసెకను, పిన్ కదిలిన ప్రతిసారీ కనీసం అంత సమయం పోతుంది. 8 కిలోబైట్ల ఏటీమెగా8ని నింపాలంటే బైటుకి 32 క్లాకులు, క్లాక్‌కి రెండు కదలికలు. మొత్తం అయిదు లక్షల పాతిక వేల దాకా. దాదాపు తొమ్మిది నిమిషాలు! సరిచూడటానికి ఇంకో అంత. అదే పని దగ్గరలో ఉన్న ఇంకో మైక్రోకంట్రోలర్ 250 కిలోహెర్ట్జ్ క్లాక్‌తో చేస్తే రెండు సెకన్లలోపే.

అంటే పిన్నులు ఆడించే పని కంప్యూటర్ దగ్గర కాదు, చిప్ పక్కన జరగాలి. జర్మనీకి చెందిన థామస్ ఫిష్ల్ చేసిన యూఎస్‌బీఏఎస్‌పీ ఆ పని చేసింది. ఒక ఏటీమెగా8, ఒక 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, రెండు 3.6 వోల్ట్ల జెనర్లు, కొన్ని రెసిస్టర్లు. ప్రత్యేకంగా యూఎస్‌బీ చిప్ లేనే లేదు. యూఎస్‌బీ సిగ్నళ్లను వియన్నాలోని ఆబ్జెక్టివ్ డెవలప్‌మెంట్ సంస్థ రాసిన కోడ్ తయారు చేస్తుంది. తక్కువ వేగపు యూఎస్‌బీ సెకనుకు 15 లక్షల బిట్లు, చిప్ క్లాక్ కోటి ఇరవై లక్షలు. అంటే ఒక్కో బిట్‌కి చిప్‌కి దొరికే వ్యవధి ఎనిమిది క్లాకులు. అంత ఇరుకులో బిట్లను పట్టుకుని, లెక్క తప్పకుండా నడిపించడం సామాన్యమైన పనితనం కాదు. లిమోర్ ఫ్రైడ్ స్థాపించిన న్యూయార్క్ సంస్థ ఆడాఫ్రూట్ ఏటీటైనీ2313తో ఇలాంటిదే యూఎస్‌బీటైనీఐఎస్‌పీ పేరుతో కిట్‌గా అమ్మింది.

కానీ ఒక ప్రశ్న మిగిలింది. యూఎస్‌బీఏఎస్‌పీ కట్టాలంటే అందులోని ఏటీమెగా8లో ముందుగా కోడ్ ఉండాలి. ఆ కోడ్ ఎక్కించడానికి ప్రోగ్రామర్ కావాలి. కోడి ముందా, గుడ్డు ముందా? పాత డాపా కేబుల్ చివరి ఉద్యోగం ఇదే అయింది. ప్రింటర్ పోర్టున్న ఏదో పాత కంప్యూటర్ వెతికిపట్టుకుని, దానితో ఒక్క ఏటీమెగా8 నింపుకుని, ఇక ఆ కేబుల్‌ని పక్కన పడేయడం.

ఇప్పుడు మార్కెట్లో యూఎస్‌బీఏఎస్‌పీ నకళ్లు కొన్ని వందల రూపాయలకే దొరుకుతున్నాయి కనుక దీన్ని ఇంట్లో కట్టడం ఆర్థికంగా అర్థంలేని పని. అయినా నకళ్ల మీద నాకో ఫిర్యాదుంది. చాలావాటిలో పాత ఫర్మ్‌వేర్ ఉంటుంది, క్లాక్ వేగాన్ని తగ్గించమంటే తగ్గించదు. ఏవీఆర్‌డ్యూడ్ ఆ సంగతి హెచ్చరికగా చెప్తుంది. ఫర్మ్‌వేర్ మార్చాలంటే రెండో ప్రోగ్రామర్ కావాలి. మళ్లీ మొదటికే వచ్చాం.

ఆ చక్రం నుంచి బయటపడే దారి ఆర్డ్యునో చూపించింది. ఊనో బోర్డులో బూట్‌లోడర్ ముందే ఉంటుంది కాబట్టి దానికి ఏ ప్రోగ్రామర్ లేకుండానే కోడ్ ఎక్కుతుంది. ఆర్డ్యునో సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే ఆర్డ్యునోఐఎస్‌పీ అనే ఉదాహరణని అందులో వేస్తే ఊనోయే ప్రోగ్రామర్ అయిపోతుంది. 11, 12, 13 పిన్నులు డేటాకి, క్లాక్‌కి. 10వ పిన్ ఎదుటి చిప్ రీసెట్‌కి. ఒక చిన్న మెలిక ఉంది. కంప్యూటర్ పోర్టు తెరవగానే ఊనో తనను తాను రీసెట్ చేసుకుంటుంది. ఆ ప్రోగ్రామ్ ఎక్కించాక రీసెట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే అది ఆగుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను సూచించేది ఇదొక్కటే. ఇది వేగమైనది కాదు, అందమైనది అంతకన్నా కాదు. కానీ సోల్డరింగ్ అక్కర్లేదు, పని అయ్యాక ఊనో తిరిగి ఊనోగానే ఉంటుంది.

ఏ ప్రోగ్రామర్ కట్టినా చెడగొట్టేవి చాలావరకు అవే నాలుగైదు. క్లాక్ తీగ పొడవు వాటిలో మొదటిది. అర మీటరు రిబ్బన్ కేబుల్‌లో సిగ్నల్ అంచు దగ్గర చిన్న ప్రకంపనం వస్తే చిప్ ఒక క్లాక్‌ని రెండుగా లెక్కపెడుతుంది. అక్కడినుంచి ప్రతి బిట్టూ ఒక అడుగు పక్కకి జరుగుతుంది. సంతకం ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా వస్తోందంటే ముందు తీగ కురచ చేయాలి. చిప్ కాళ్ల దగ్గరే 100 నానోఫారడ్ల కెపాసిటర్ ఉండాలి. క్లాక్ తీగలో చిన్న రెసిస్టర్ ఉంటే ఇంకా మంచిది.

రెండోది వేగం. కొత్త ఏటీమెగా8 ఫ్యాక్టరీ నుంచి 1 మెగాహెర్ట్జ్ మీద నడుస్తూ వస్తుంది. ప్రోగ్రామింగ్ క్లాక్ అందులో నాలుగో వంతుకన్నా తక్కువ ఉండాలి. అంతకన్నా వేగంగా అడిగితే చిప్‌కి వినపడదు. ఏటీ89ఎస్52కైతే పదహారో వంతు, పైగా దానికి సొంత క్రిస్టల్ తప్పనిసరి. జీరో బోర్డు మీద సాకెట్ మాత్రం పెట్టి క్రిస్టల్ మరచిపోయిన ప్రోగ్రామర్ ఏ చిప్ పెట్టినా చచ్చిందనే చెప్తుంది. ఇక చిప్‌ని బోర్డులోనే ఉంచి ప్రోగ్రామ్ చేసేటప్పుడు అవే పిన్నులకు ఎల్‌ఈడీయో, రిలే డ్రైవరో తగిలించి ఉంటే అవి సిగ్నల్‌ని లాగేస్తాయి. 3.3 వోల్ట్ల రేడియో మాడ్యూల్ పక్కనే ఉంటే 5 వోల్ట్ల ప్రోగ్రామర్ దాన్ని కాల్చేసే ప్రమాదమూ ఉంది.

వీటన్నిటికన్నా జనాన్ని ఏడిపించేవి ఫ్యూజ్ బిట్లు. చిప్ ఏ క్లాక్ మీద నడవాలి, రీసెట్ పిన్ రీసెట్‌గా ఉండాలా మామూలు పిన్‌గా మారాలా అని చెప్పే కొన్ని బిట్లు ఇవి. ఏవీఆర్‌లో 0 అంటే ఉన్నట్టు, 1 అంటే లేనట్టు. ఈ తలకిందుల లెక్కతోనే సగం చిప్‌లు బలయ్యాయి. పొరపాటున బయటి క్రిస్టల్ ఎంచుకుంటే చిప్ చచ్చినట్టు పడి ఉంటుంది. చావలేదు. దాని క్లాక్ పిన్‌కి ఇంకో చిప్ నుంచి ఒక చతురస్ర తరంగం ఇస్తే లేచి మాట్లాడుతుంది, అప్పుడు ఫ్యూజ్ సరిచేయవచ్చు. రీసెట్‌ని మామూలు పిన్‌గా మార్చేస్తే మాత్రం యూఎస్‌బీఏఎస్‌పీ, ఆర్డ్యునోఐఎస్‌పీ రెండూ చేతులెత్తేస్తాయి. రీసెట్ లేకపోతే వాటికి తలుపే లేదు.

ఇక్కడే ఇంట్లో కట్టినది కొన్నదాన్ని ఓడిస్తుంది. ఏటీటైనీ85ని ఆ స్థితి నుంచి రక్షించడానికి రీసెట్ పిన్ మీద 12 వోల్ట్లు ఇచ్చి, వేరే పద్ధతిలో బిట్లు పంపాలి. కావలసింది ఒక ఆర్డ్యునో, ఒక బీసీ547 ట్రాన్సిస్టర్, అయిదారు 1 కిలో ఓమ్ రెసిస్టర్లు, కారు రిమోట్లలో వాడే చిన్న 12 వోల్ట్ల బ్యాటరీ. బ్రెడ్‌బోర్డ్ మీద అరగంట పని. చవకరకం యూఎస్‌బీ ప్రోగ్రామర్లేవీ దీన్ని చేయలేవు. ఏటీమెగా328కి కూడా ఈ మార్గం ఉంది కానీ పదిహేను పైచిలుకు తీగలు కలపాలి. ఆ చిప్ పోయిందంటే కొత్తది కొనుక్కోవడమే నయం.

పిక్ వైపు కథ వేరుగా నడిచింది. మైక్రోచిప్ తన పిక్‌కిట్2 సర్క్యూట్‌నీ ఫర్మ్‌వేర్‌నీ బయటపెట్టడంతో నకళ్లు వెల్లువెత్తాయి, జేడీఎమ్‌కి అవసరం తీరిపోయింది. కొత్త పిక్‌లలో పెద్ద వోల్టేజీ లేకుండానే తలుపు తీసే తాళం ఉంది. 32 బిట్ల రహస్య సంఖ్య, హెక్స్‌లో 4డీ, 43, 48, 50. అక్షరాల్లోకి మారిస్తే ఎమ్, సీ, హెచ్, పీ, అంటే కంపెనీ పేరే. ఈ దారిలో ఆర్డ్యునోతోనే పిక్‌ని కూడా నింపవచ్చు.

2016లో మైక్రోచిప్ అట్మెల్‌ని కొనేసింది. ఆ తర్వాత వ్యాపించిన కొత్త ఏటీటైనీలలో, ఆర్డ్యునో నానో ఎవ్రీలోని ఏటీమెగా4809లో పాత నాలుగు తీగల పద్ధతి లేదు. యూపీడీఐ అనే ఒక్క తీగ ఉంది. అది నిజానికి సీరియల్ పోర్టే, పంపడం, అందుకోవడం రెండూ ఒకే తీగ మీద. అందుకని సీహెచ్340 లాంటి చవక యూఎస్‌బీ సీరియల్ బోర్డు తీసుకుని, దాని రెండు డేటా పిన్నులనూ ఒక డయోడ్‌తోనో రెసిస్టర్‌తోనో కలిపితే ప్రోగ్రామర్ సిద్ధం. మొత్తం సర్క్యూట్ ఒక్క భాగం! పిన్నులు ఆడించకుండా సీరియల్ డేటాగానే పంపుతుంది కాబట్టి ఆ తొమ్మిది నిమిషాల బాధ కూడా లేదు. ఇవాళ ఒకరు ఇంట్లో కట్టుకోవలసిన ప్రోగ్రామర్ ఏదని అడిగితే నా ఓటు దీనికే. అయితే కొన్ని చిప్‌లలో యూపీడీఐ పిన్‌ని రీసెట్‌గానో మామూలు పిన్‌గానో మార్చేస్తే మళ్లీ తెరవడానికి 12 వోల్ట్ల పల్స్ కావాలి. పెద్ద వోల్టేజీ ఇంకా పూర్తిగా సెలవు తీసుకోలేదు.

సీహెచ్340 చేసిన నాన్జింగ్ కంపెనీయే సీహెచ్32వీ003 అనే రిస్క్-ఫైవ్ చిప్ చేసింది. పెద్దమొత్తంలో కొంటే అమెరికా లెక్కలో పది సెంట్ల దరిదాపుల్లో ఉండే చిప్ ఇది. దీనికీ ఒకే తీగ, కానీ సమయం విషయంలో చాలా కచ్చితం కావాలి. మామూలు సీరియల్ బోర్డు సరిపోదు. దాని సొంత ప్రోగ్రామర్ చవకే అయినా, ఆర్డ్యునోతోనూ ఈఎస్‌పీ32-ఎస్2తోనూ ప్రోగ్రామర్లు చేసేసుకున్నారు. చిప్‌కన్నా ప్రోగ్రామర్ ఖరీదన్న పాత ఫిర్యాదు ఇక్కడ మళ్లీ తలెత్తింది, పాత జవాబే వచ్చింది.

కోడి-గుడ్డు చిక్కుని అసలు పుట్టకుండా చేసింది రాస్ప్‌బెర్రీ పై పీకో. 2021లో 4 డాలర్లకు వచ్చిన ఈ బోర్డులో యూఎస్‌బీ ద్వారా కోడ్ తీసుకునే ప్రోగ్రామ్ చిప్ తయారీలోనే బూట్ రోమ్‌గా ముద్రించి ఉంటుంది. దాన్ని ఎవరూ చెరపలేరు. బటన్ నొక్కిపట్టి కేబుల్ పెడితే పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది, ఫైల్ లాగి పడేస్తే చాలు. దీనికి ప్రోగ్రామర్ కట్టాల్సిన పనిలేదు. కానీ కోడ్ ఎక్కాక లోపల ఏం జరుగుతోందో చూడటం వేరే సమస్య, అక్కడ ఇంటి పనివాళ్లు మళ్లీ చేతులు చాపారు. ఒక పీకోలో డీబగ్ ఫర్మ్‌వేర్ వేసి, మూడు తీగలతో ఇంకో పీకోకి కలిపితే ప్రోగ్రామ్‌ని ఎక్కడికక్కడ ఆపి వేరియబుళ్లు చదవవచ్చు. ఊనోని అలాగే పాత ఏటీటైనీలకు డీబగ్గర్‌గా మార్చే సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. ఒకప్పుడు వేలు పోసి కొనాల్సిన ఈ సౌకర్యం ఇప్పుడు బ్రెడ్‌బోర్డ్ మీదికి వచ్చింది. మన ల్యాబుల్లో మాత్రం ఇంకా ఎల్‌ఈడీ వెలిగిందా లేదా అని చూసే డీబగ్ చేస్తున్నారు.